గిర్నీ ముందు కుర్చీ

మొన్న పొద్దున మా కాలనీ మహిళా సంఘం అమ్మాయి ఫోను చేత పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మహిళా దినోత్సవానికి కమ్యూనిటీ హాల్లో గోడ నిండా ఫోటోలు పెడుతున్నారట. సొంతంగా వ్యాపారాలు పెట్టుకున్న ఆరుగురు ఆడవాళ్ళు, ఒక్కొక్కరి ఫోటో కింద నాలుగు లైన్లు. బ్యూటీ పార్లరావిడవి రాసేశారు, టిఫిన్ సెంటరావిడవి రాసేశారు. పిండి గిర్నీ ఆవిడవి మాత్రం మిగిలిపోయాయి. ఆరుగురిలో అడిగితే చెప్పడానికి లేనిది ఆవిడ ఒక్కతే. పోయి నలభై రోజులైంది.

"ఆంటీ, ఆమెకు మీరు మస్తు క్లోజ్ అంట గద. మూడు లైన్లు నేనే రాసేసిన. ఇన్‌స్పిరేషన్ ఒక్క లైన్ మీరు చెప్తే అయిపోతది," అంది.

"ఇన్‌స్పిరేషన్ అంటే?"

"అదే ఆంటీ, గిర్నీ పెట్టాలని ఎందుకనిపించింది, ఎవరి వల్ల అనిపించింది అని. గిర్నీ అంకుల్‌ను అడిగిన. గిర్నీల గోడకు ఒక ఫారం ఉంటది గద, లామినేషన్ చేసి? అందుల రాసున్న లైన్ ఉంది, కానీ ముందు టెలిఫోన్ ఆఫీసు ఆంటీని అడుగు, ఆమె ఏది చెప్తే అది పెట్టు అన్నడు."

సాయంత్రం చెప్తానని పంపించేశాను. ఎందుకంటే ఆ ఫారంలోని లైను రాసింది నేనే. పద్దెనిమిదేళ్ళ కిందట, మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద, నా గుండ్రటి చేతిరాతతో. "నా భర్త గారి ప్రోత్సాహము, సహకారము." పచ్చి అబద్ధం. దాన్నే ఆయన ఇన్నేళ్ళూ గోడకు తగిలించుకున్నాడు. ఇప్పుడది ఆవిడ ఫోటో కిందికి ఎక్కుతుంది. కాదంటే ఆయన ఏమైపోతాడో తెలియదు. ఔనంటే ఆవిడ ముఖం నేను ఎలా చూడను? పోయినవాళ్ళ ముఖం చూడటం బతికున్నవాళ్ళ ముఖం చూడటం కంటే కష్టం.

ఆవిడ పేరు నాకు తెలుసు, ఫారం నింపినదాన్ని కదా. గల్లీలో ఇంకెవరికీ తెలియదు. మా ఇళ్ళలో గిర్నీ అక్క, ముస్లింల ఇళ్ళలో గిర్నీవాలీ ఆపా. ఒకసారి పోస్ట్‌మాన్ అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి, ఎవరిని పిలుస్తున్నాడా అని చూసింది. అందుకని ఇక్కడ కూడా ఆ పేరు రాయను.

ఆవిడను తలుచుకుంటే ముఖం కంటే ముందు చేతులు గుర్తొస్తాయి. పిండి మర నడుస్తుంటే చెవిలో అరిచినా సగమే వినపడుతుంది. అందుకని ఆ చిన్న దుకాణం మడిగెలో మాట అన్నది ఉండేది కాదు, అంతా చేతులే. బొటనవేలితో చూపుడువేలు రుద్దితే పిండి మెత్తగా పట్టాలి. అవే రెండు వేళ్ళు చిటికెడు ఎడంగా పెడితే బరకగా. ముక్కు కొస ముట్టుకుంటే లోపల కారం పడుతున్నాం, కాసేపు ఆగి రమ్మని. అరచేయి భుజం మీదుగా వెనక్కి తిప్పితే రేపు. పిడికిలి బిగించి నోటి ముందు పెట్టుకుంటే అది మైకు. అంటే, ఆయన వస్తున్నాడు.

ఆయన అంటే ఆవిడ భర్త. అఫ్జల్‌గంజ్ అవతల పెద్ద బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పే ఉద్యోగం. ఇరవై రెండేళ్ళు చేశాడు. మంచివాడు. తాగడు, కొట్టడు, ఒకరిని ఒక మాట అనడు. మాట్లాడతాడు, అంతే. ఏది మాట్లాడినా మూడు భాషల్లో మాట్లాడతాడు. అన్నం ముందు కూర్చుని, "ఉప్పు ఎక్కువైంది. నమక్ జ్యాదా హో గయా. సాల్ట్ ఈజ్ మోర్," అనేవాడు. మా గోడకు ఇవతల నేను కూడా వింటుండేదాన్ని. వాళ్ళింట్లో ఏ కూర వండారో, కుళాయి ఎన్నింటికి వచ్చిందో, పాలప్యాకెట్ చిరిగిందో లేదో మాకు మూడుసార్లు తెలిసేది. ఉద్యోగంలో ఉన్నన్ని రోజులు పగలంతా ఆ గొంతు బస్టాండు పంచుకుంది కాబట్టి ఆవిడ బతికింది. ఆ తర్వాత ఆయన ముందే రిటైర్మెంట్ తీసుకుని ఇంట్లో కూర్చున్నాడు. బస్సులు లేవు, ప్రయాణికులు లేరు. ఆవిడ ఒక్కతే ఉంది.

అప్పట్లో మా గల్లీ చివర ఒక ముసలాయన గిర్నీ ఉండేది. ఆవిడ స్టీలు డబ్బా చంకన పెట్టుకుని గోధుమలు పట్టించడానికి పోయేది. మొదట నెలకోసారి ఐదు కిలోలు. ఆయన రిటైరయ్యాక వారానికోసారి రెండు కిలోలు. ఇంకొన్నాళ్ళకు రోజు విడిచి రోజు, అడుగున గుప్పెడు గోధుమలు గలగలమనే డబ్బాతో.

"ఏంది వదినా, మొన్ననే గద పట్టించుకొచ్చినవ్?" అని ఒకసారి నేనే అడిగాను.

"తాజా పిండి అయితె రొట్టె మంచిగొస్తది వదినా," అంది చూపు తప్పించి.

అక్కడ ఆవిడ కూర్చునే తీరు చూశాను. బోర్లించిన డబ్బా మీద కూర్చుని, గోడకు తల ఆనించి, కళ్ళు సగం మూసుకుని. చుట్టూ చెవులు చిల్లులు పడే మోత. నాకు పది నిమిషాలకే తల తిరిగేది. ఆవిడ మాత్రం తన వంతు వస్తే వెనకవాళ్ళకు ఇచ్చేసేది. ఎంత మంచి మనిషి అనుకునేవాళ్ళు ఆడవాళ్ళంతా.

ఒకనాడు ఆయన సూపర్‌మార్కెట్ నుంచి పిండి ప్యాకెట్లు తెచ్చి బల్ల మీద పెట్టి, ఇకమీదట గిర్నీకి పోయే కష్టం లేదని మూడు భాషల్లో ప్రకటించాడు. ప్రేమగానే తెచ్చాడు పాపం. ఆ వారమే గిర్నీ ముసలాయనకు మోకాళ్ళు పనిచేయక, మర అమ్మేస్తానని అందరికీ చెప్పుకుంటున్నాడు. ఆ మధ్యాహ్నం ఆవిడ మా ఇంటికి వచ్చింది. పిండి ప్యాకెట్ ఒకటి చేతిలో అలాగే ఉంది.

"వదినా, లోను ఫారం నింపుతవా? గిర్నీ నేను తీసుకుంట."

ఫారాలు నింపడం నా బలహీనత. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసిన రోజుల నుంచి గల్లీలో గ్యాసు, రేషను, కరెంటు ఏ ఫారమైనా నా దగ్గరికే వచ్చేది. పేరు, వయసు, చిరునామా అన్నీ నింపి చివరికి వచ్చాను. "వ్యాపారం ప్రారంభించుటకు ప్రేరణ" అని ఒక గడి ఉంది.

"ఇక్కడ ఏం రాయాలె?"

"ఏదో ఒకటి రాయి వదినా. నువ్వు చదువుకున్నదానివి."

నేను బ్యాంకు మేనేజరు ముఖం ఊహించుకున్నాను. ఆడమనిషి ఒంటరిగా మర నడుపుతుందంటే భయపడతాడు. మొగుడు వెనక ఉన్నాడంటే ధైర్యం వస్తుంది. భర్త గారి ప్రోత్సాహము, సహకారము అని రాసి, పైకి చదివి వినిపించాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఫారంల అబద్ధం రాస్తే కండ్లు పోవా వదినా?"

"ఫారాలు ఉన్నయే అందుకు. సంతకం పెట్టు."

నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. లోను వచ్చింది. బేగంబజార్ పోయి కొత్త జల్లెడలు, ఉస్మాన్‌గంజ్ పోయి కారం పట్టే మరకు పాత మోటారు ఒకటి తెచ్చుకుంది. మర తిరగడం మొదలుపెట్టిన రోజు ఆవిడ ముఖం చూసి నాకే కుళ్ళు పుట్టింది. నా ఉద్యోగంలో ఒక్కనాడూ నేనలా కూర్చోలేదు.

ఆ సంబరం పదిరోజులు కూడా నిలవలేదు. ఆయన బ్యాంకులో ఫారం జిరాక్సు అడిగి తెచ్చుకున్నాడు. భర్త గారి ప్రోత్సాహము అన్న చోట వేలు పెట్టి నాకు చూపించాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. "చూడు చెల్లె, నా గురించి ఎట్ల రాసిందో. నాతోని ఎన్నడూ ఒక్క మాట అనలె." నా అక్షరాల గుండ్రదనం చూసి నాకే సిగ్గేసింది. దానికి లామినేషన్ చేయించి, గిర్నీలో దేవుడి పటాల పక్కన తగిలించాడు. తగిలించి ఊరుకున్నాడా, ఆ లైనునే అపాయింట్‌మెంట్ ఆర్డరు అనుకున్నాడు. మర్నాటి నుంచి పొద్దున ఎనిమిదింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని గిర్నీలో హాజరు.

గిర్నీ చప్పుడును మించిన గొంతు మా గల్లీలో ఒక్కటే ఉండేది. బస్సుల హారన్ల మీద, జనం లొల్లి మీద ఇరవై రెండేళ్ళు గెలిచిన గొంతు. దానికి మోటారు ఒక లెక్కా? మర పక్కనే నిలబడి, ఎవరి డబ్బా ముందుందో, ఎవరిది వెనకుందో, గోధుమలు ఎంత మెత్తగా దిగుతున్నాయో మూడు భాషల్లో చెప్పేవాడు. ఆవిడ చేతులు ఎవరూ చూడటం మానేశారు. డబ్బా మీద కూర్చోవడమూ ఆవిడ మానేసింది. నేను పోయినప్పుడల్లా పిడికిలి నోటి ముందు పెట్టుకుని చూపించేది. మొదట్లో నవ్వుతూ చూపించేది. తర్వాత నవ్వు లేదు.

ఆ యేడు రంజాన్‌లో ఒక పని జరిగింది. ఎదురింటి పెద్దావిడ, మా అందరి ఖాలా, హలీంకు గోధుమలు తెచ్చింది. మా గల్లీలో ఖాలా నా పెళ్ళి కంటే ముందు నుంచి ఉంది, తెలుగు ఎంత వస్తుందో దక్కనీ అంత వస్తుంది. హలీంకు పిండి కాకూడదు, గింజ పగిలి బరకగా ఉండాలి. ఖాలా రెండు వేళ్ళు ఎడంగా పెట్టి చూపించి, ఎండకు తట్టుకోలేక ఇంటికి పోయింది. ఈయన మధ్యలో దూరి, "మెత్తగ పట్టాలె! బారీక్ పీస్నా! ఫైన్ పౌడర్!" అని అరుస్తూ రాళ్ళ మధ్య సందు తగ్గించే పిడి తనే తిప్పాడు. ఆవిడ చూసి పరిగెత్తేసరికి ఐదు కిలోలూ పిండైపోయింది.

ఖాలా సాయంత్రం వచ్చి డబ్బాలో చెయ్యి పెట్టి, అలాగే నిలబడింది. "హలీం కా గేహూఁ థా మా! ఆటా కైకూ కర్ దియే?" అని, ఆవిడ ముఖం చూసి గొంతు తగ్గించింది. "పోనీలే బిడ్డ. ఈసారి అందరం రొట్టెలు తిందాం." ఆయన అప్పుడు కూడా ఏదో ప్రకటించబోతే ఖాలా చెయ్యెత్తి ఆపింది. ఆవిడ గోడ వైపు తిరిగి జల్లెడ దులుపుతోంది. దులపడానికి జల్లెడలో ఏమీ లేదు.

రెండు రోజుల తర్వాత, మంచి ఎండవేళ, నేను జొన్నలు పట్టించడానికి పోయాను. ఆయన పేపరు పట్టుకుని గడప మెట్టు మీద కూర్చున్నాడు, మాకు వీపు తిప్పి. ఆవిడ నన్ను లోపలికి, మరకు ఆనుకునేంత దగ్గరికి లాగింది. నేను చెవి దగ్గర అరిచాను. "ఇంత బాధపడేదానివి ఎందుకు పెట్టినవ్ వదినా గిర్నీ?"

ఆవిడ నా చెవి పట్టుకుని, ఉన్న శక్తినంతా కూడదీసుకుని జవాబు చెప్పడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మోటారు గప్‌చుప్. ఆవిడ నోరు మాత్రం ఆగలేదు. అప్పటికే బయలుదేరిన మాట కదా, ఎలా ఆగుతుంది?

"గాయన నోరు వినవడకుంట ఉండాలెననే పెట్టిన గిర్నీ! గీడికి గూడ వచ్చిండు! ఇగ నేనేడికి పోవాలె?"

గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా వినిపించింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది, కళ్ళు ఒకటే పెద్దవి. మెట్టు మీది వీపు కదల్లేదు. కాసేపటికి పేపరు పేజీ తిప్పిన చప్పుడైంది. తర్వాత ఆయన గొంతు. "కరెంటు పోయింది. బిజ్లీ చలీ గయీ. పవర్ ఈజ్ గాన్."

హమ్మయ్య, వినలేదు! ఇన్నేళ్ళు మైకు ముందు కూర్చున్న మనిషికి చెవులు మందగించి ఉంటాయని ఇద్దరం తేల్చుకున్నాం. గోధుమ బస్తాల వెనక కూర్చుని, ఒకరి నోరు ఒకరం మూసుకుని, కడుపునొప్పి వచ్చేదాకా నవ్వాం. పెళ్ళయ్యాక అంతలా నవ్వలేదని ఆవిడ అంది.

ఆ వారంలోనే ఆయనకు తుమ్ములు పట్టుకున్నాయి. గిర్నీలో అడుగు పెడితే చాలు, ఒకటి కాదు రెండు కాదు, పది. "పిండి పడ్తలేదు. ఆటా సే ఎలర్జీ. డస్ట్ ఎలర్జీ," అని తుమ్ముల మధ్యలోనే మూడు భాషల్లో చెప్పాడు. ఇంట్లోంచి ఇనుప కుర్చీ తెచ్చుకుని, మోరీ కాలువ అవతల కరెంటు స్తంభం పక్కన వేసుకున్నాడు. గడప దాటి మళ్ళీ లోపలికి రాలేదు. వచ్చేపోయే ఆటోవాళ్ళకు, డబ్బాలు తెచ్చేవాళ్ళకు అక్కడి నుంచే ప్రసంగాలు. లోపలికి పెదవులు కదలడం తప్ప ఏమీ వచ్చేది కాదు.

"దేవుడున్నడు వదినా," అంది ఆవిడ. "తుమ్ముల రూపంల వచ్చిండు."

ఇక ఆవిడ రాజ్యమే. దిగే పిండి కింద అరచేయి పెట్టి వేడి చూసేది, కాస్త కాలితే రాళ్ళ సందు వదులు చేసేది. "వేడెక్కిన పిండి రొట్టెకు పనికిరాదు," అని చేతులతోనే చెప్పేది. నేనైతే ఆ సైగ ఈనాటికీ చెయ్యలేను. శనగలు పట్టాక గుప్పెడు బియ్యం వేసి తిప్పి గానీ ఇంకొకరి గోధుమలు పోసేది కాదు. తొందరపెట్టినవాళ్ళ డబ్బా కాలితో మెల్లగా వరుస చివరికి తోసేది. కనుబొమ్మల మీద పిండి, ముక్కుపుడక మీద పిండి. పండుగలకు కూడా దులుపుకునేది కాదు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక బోర్లించిన డబ్బా మీద కూర్చుని, గోడకు తల ఆనించి, కళ్ళు సగం మూసుకునేది. ఒక్కోసారి మరలో గింజ ఉండేది కాదు. ఊరికే తిరుగుతుండేది. కరెంటు దండగ కదా అంటే, బరకగా పట్టమన్న సైగ చేసేది, చిటికెడంత చాలు అని.

పేరు వచ్చాక గిర్నీ ఎందుకు పెట్టావని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఎవరికి ఏది నచ్చుతుందో అది చెప్పేది మహాతల్లి. సంఘం వాళ్ళకు, సొంత కాళ్ళ మీద నిలబడాలని. వీడియో తీసే పిల్లకు, మా అమ్మ తిరగలి విసురుతుంటే చూసి. వాళ్ళమ్మ జీవితమంతా హోటల్లో పనిచేసి హోటల్ అన్నమే ఇంటికి తెచ్చిందని నాకు తెలుసు. ఖాలాకు, అంతా పైవాడి మర్జీ అని. ఖాలా ఒక్కతే నమ్మలేదు.

ఒక యేడు మహిళా దినోత్సవానికి ఆవిడను స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, మైకు చేతికిచ్చారు. మైకును తేలును చూసినట్టు చూసింది. "నమస్తే" అని, ముందు వరుసలో ఉన్న భర్తకు అందించేసింది. ఆయన లేచి ఆడవాళ్ళు వ్యాపారాల్లో రాణించడానికి భర్తల పాత్ర మీద అరగంట మాట్లాడాడు. తెలుగులో పది నిమిషాలు, మిగతా రెండింటిలో పదేసి. స్టేజీ మీద ఆవిడ శాలువా లోపల నుంచి పిడికిలి బయటికి తీసి నోటి ముందు పెట్టుకుని నాకు చూపించింది. నేను బాత్రూంకు పరిగెత్తాల్సి వచ్చింది.

అలాంటి మనిషి రెండు రోజుల జ్వరంతో పోయింది. నాకు చెప్పకుండా పోయింది. ఇంకా కోపంగానే ఉంది.

గిర్నీకి తాళం పడింది. గోడ అవతల గొంతు కూడా ఆగిపోయింది. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఈ నలభై రోజుల్లో ఒక్కసారీ వినపడలేదు. మూడు భాషల మనిషి ఒక్క భాషలో కూడా మాట్లాడటం లేదు. ఆ నిశ్శబ్దానికి నాకు నిద్ర పట్టేది కాదు. ఏనాడు అనుకున్నాను, ఆ గొంతు కోసం చెవులు రిక్కిస్తానని!

సంఘం అమ్మాయి పోయాక మధ్యాహ్నం దాకా ఆలోచించి, చెప్పేయాలని లేచాను. అబద్ధం నేను రాశాను, నేనే కొట్టేయాలి. ఫోటోలో నోరులేని మనిషి కింద నా చేతిరాత మరోసారి ఉండటానికి వీల్లేదు. ఆయనకు బాధ కలిగితే కలగనీ అనుకున్నాను గానీ, చెప్పులు వేసుకుని విడిచి, మళ్ళీ వేసుకున్నాను. డెబ్బై దాటిన మనిషి. ఆయనకంటూ మిగిలింది ఆ ప్లాస్టిక్ కాయితం ఒక్కటే.

గల్లీ తిరిగేసరికి మోత వినిపించింది. గిర్నీ తెరిచి ఉంది. ఒక్క క్షణం నా బుర్ర పనిచేయలేదు, ఆవిడే అనుకున్నాను. స్తంభం పక్కన కుర్చీ ఖాళీ. లోపల ఆయన. ఖాలా గోధుమలు తెచ్చింది, రంజాన్ నడుస్తోంది కదా.

నేను పోయి ఆయన పక్కన నిలబడ్డాను. మోటారు ఆగేదాకా ఉంటే ధైర్యం చాలదని తెలుసు. ఆ మోతలోనే చెప్పేశాను. "అన్నా, ఆ లైన్ నేనే రాసిన. ఆమె చెప్పలె. లోను కోసం రాసిన. ఆమె గిర్నీ ఎందుకు పెట్టిందంటే..." అని మొత్తం చెప్పేశాను. నా గొంతు నాకే వినపడలేదు. పిరికిదాన్ని, ఒప్పుకుంటాను. ఆయన చూపు పిండి దిగే చోటే ఉంది.

అప్పుడు ఖాలా గడప దగ్గర నుంచి చెయ్యెత్తి రెండు వేళ్ళు చిటికెడు ఎడంగా పెట్టింది. ఆయన చూశాడు. తల ఊపి, పిడి పట్టుకుని, వదులు చేసి, దిగుతున్న గింజ కింద అరచేయి పెట్టి వేడి చూశాడు. అచ్చం ఆవిడలాగే. ఎవరు నేర్పారు? ఆయన జుట్టు నిండా, మీసం నిండా పిండి. కనుబొమ్మల మీద పిండి. మడిగె అంతా తెల్లటి దుమ్ము. నాకే గొంతులో గరగర.

ఆయన తుమ్మలేదు. నేను అక్కడున్నంతసేపూ ఒక్కసారి కూడా తుమ్మలేదు.

మోటారు ఆపాడు. ఖాలా డబ్బాలో చెయ్యి పెట్టి చూసుకుంది. "బరాబర్ హై భాయ్," అని డబ్బా ఎత్తుకుని వెళ్ళిపోయింది. మేమిద్దరమే మిగిలాం.

"ఏదో చెప్తున్నవ్ చెల్లె?"

"ఏం లేదన్నా."

"నాకు వినవడలె." కండువాతో మర మీద దుమ్ము తుడుస్తున్నాడు. "గానీ ఏం చెప్పినవో ఎరికె. గా దినం కరెంటు పోయినప్పుడే విన్న."

నేను గోడకు ఆనుకున్నాను. "మరి పేపరు చదువుతున్నవ్ కదన్నా..."

"పేజీ తిప్పిన. ఏం చెయ్యాలె మరి? లేచిపోతే విన్ననని ఆమెకు తెలిసిపోతది, సిగ్గుపడ్తది. కరెంటు పోయిందని చెప్పిన. నాకొచ్చింది గదొక్కటే గద."

"తుమ్ములు?"

"ఇరవై రెండేండ్లు మైకుల మాట్లాడినోనికి తుమ్ముడు ఒక కష్టమా చెల్లె?" నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "కుర్చీల కూసుంటే ఆమె కనవడేది. డబ్బా మీద కూసొని కండ్లు మూసుకునేది. మంచిగుండేది చూస్తుంటే."

"ఒక్క మాట చెప్పొచ్చు కదన్నా ఆమెకు. ఇన్నేళ్ళు..."

"చెప్తే మల్ల మాట్లాడినట్టే గద."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన పిండి చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుని, పిడికిలి బిగించి నోటి ముందు పెట్టుకున్నాడు. ఆ సైగ కూడా తెలుసు ఆయనకు. ఇన్నేళ్ళూ తెలుసు. మెల్లగా పిడికిలి విప్పి చెయ్యి కిందికి దించాడు.

"పోరి అడిగింది, ఏం పెట్టాలె అని," అన్నాడు. "గా ఫారం అబద్ధమని నాకు గూడ ఎరికె. నీకు ఏది నిజమనిపిస్తె గది రాయి. నాకేం ఫికర్ లేదు."

సాయంత్రం సంఘం అమ్మాయి వచ్చింది. కాగితం మీద రాసి ఉంచాను, అదే గుండ్రటి రాతతో. పద్దెనిమిదేళ్ళ కిందట రాసినప్పుడు చెయ్యి గడగడా నడిచింది. ఈసారి ఒక్కొక్క అక్షరం ఆగి ఆగి రాశాను. ఆ అమ్మాయి చదివి ముఖం ముడుచుకుంది.

"గిదేనా ఆంటీ? భర్త గారి ప్రోత్సాహము, సహకారము. పార్లరామె కింద గిదే ఉంది, టిఫిన్ సెంటరామె కింద గూడ గిదే ఉంది. ఈమెకు స్పెషల్‌గ ఏం లేదా?"

గల్లీ చివర మర మళ్ళీ మొదలైంది. ఆ వేళకు ఎవరూ డబ్బాలు తెచ్చి ఉండరు. లోపల గింజ లేకుండా ఊరికే తిరుగుతున్న చప్పుడు.

"లేదు బిడ్డ," అన్నాను. "గిదే పెట్టు."